కందెన కింద గొలుసు

యుద్ధం జరుగుతున్న రోజుల్లో నేను బేతంచెర్ల చుట్టుపక్కల పల్లెల్లోని క్రైస్తవ సంఘాలకు కాపరిగా ఉండేవాణ్ణి. నాకు ముందు ఆ సంఘాలను చూసుకున్న మిషనరీ దొరగారు స్వదేశానికి వెళ్ళిపోతూ తన మోటారు సైకిలును నాకు అప్పగించారు. దానికి పక్కన ఒక చక్రంతో, ఒక మనిషి కూర్చునే తొట్టి కూడా ఉండేది. పల్లెల్లో దాన్ని ఫట్‌ఫటి అనేవారు. పొలిమేర దాటకముందే దాని చప్పుడు విని పిల్లలు ఎదురొచ్చేవారు. నాకు మాత్రం దాని మీద కూర్చున్నంతసేపూ చెవి చైను మీదే ఉండేది.

చైను అంటే ఇంజను బలాన్ని వెనక చక్రానికి అందించే గొలుసు. ఇంజను దగ్గర ఒక చిన్న పళ్ళ చక్రం, వెనక ఒక పెద్ద పళ్ళ చక్రం, రెంటినీ చుట్టుకొని ఈ గొలుసు. దొరగారు వెళ్ళేముందు నన్ను నేలమీద పక్కన కూర్చోబెట్టుకొని దాని సంగతి నేర్పారు. కింది వరసలో నడిమధ్య వేలు పెట్టి పైకెత్తి చూడాలి. బొటనవేలి మందం ఆడితే సరి. అంతకంటే వేలాడితే వెనక ఇరుసును కొంచెం వెనక్కి జరిపి బిగించాలి. ఒకచోట చూసి ఊరుకోకూడదు. గొలుసు అంతటా ఒకే తీరున అరగదు గనక చక్రం తిప్పుతూ వేరువేరు చోట్ల చూడాలి. ఎక్కడ ఎక్కువ బిగువుగా ఉందో ఆ చోటును బట్టే సరిచేయాలి. వదులైందని భయపడి మరీ బిగిస్తే అది ఇంకా ప్రమాదం.

ఇదంతా బిగించే సంగతి. మార్చే సంగతి వేరే. వెనక పళ్ళ చక్రం చిట్టచివర, గొలుసు మలుపు తిరిగేచోట, రెండు వేళ్ళతో పట్టి వెనక్కి లాగాలి. కదలకుండా పళ్ళను పట్టుకొని ఉంటే ఇంకా పనికొస్తుంది. లింకు పైకి లేచి, దాని కింద సగం పన్ను కనబడిందంటే ఇక ఎంత బిగించినా లాభం లేదు. అది సాగిపోయిన గొలుసు. ఎప్పుడు తెగుతుందో, ఎక్కడ తెగుతుందో దానికే తెలియదు.

నా గొలుసు ఆ స్థితికి దగ్గరపడుతోందని నాకు అనుమానం. ఇరుసు వెనక్కి జరుగుతూ జరుగుతూ గాడి చివరికి వచ్చేసింది. కొత్త చైను కోసం మద్రాసుకు చెప్పి పంపితే, ఉన్న సరుకంతా సైన్యానికే పోతోందని కబురొచ్చింది. ప్రతి ప్రయాణానికి ముందూ ట్యాంకు మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేవాణ్ణి. ప్రార్థన అయ్యాక వంగి వేలితో చైను చూసేవాణ్ణి. ఈ రెండో పని మొదటి పనిని తక్కువ చేస్తోందా అని కొన్నిసార్లు నాలో నాకే తగవు. దేవుడు కళ్ళు ఇచ్చింది మూసుకోవడానికి కాదు గదా అని సర్దిచెప్పుకొనేవాణ్ణి.

అసలు చిక్కు వేరేచోట ఉంది. మా సంఘాలవాళ్ళు దాదాపు అందరూ కూలీలు, చిన్న చేలు ఉన్నవాళ్ళు. వాళ్ళకు తెలిసిన బండి ఎద్దులబండి. దూరం నుంచి బండి వస్తే దాని ఇరుసుకు కందెన పెట్టి పంపడం వాళ్ళ మర్యాద. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి నూరితే వచ్చే నల్లటి జిడ్డే కందెన. అయ్యగారి కాళ్ళకు నీళ్ళిస్తారు, కడుపుకు సంగటి పెడతారు, బండికి కందెన పెడతారు. నేను లోపల వాక్యం చెబుతూ ఉండగా బయట ఎవరో ఒకరు నా చైనుకు ఈ చివర నుంచి ఆ చివరకు కందెన పట్టించేవారు. ఆ దారులన్నీ నాపరాయి గనుల మీదుగా పోయేవి. బండ్ల కింద నలిగిన రాతిపొడి ఎగిరి ఆ జిడ్డులో కూరుకొనేది. పైకి చైను కొత్తదానిలా నిండుగా, నున్నగా కనబడేది. చప్పుడు కూడా చేసేది కాదు. లోపల మాత్రం రాతిపొడి దాన్ని సానరాయిలా నూరుతూ ఉండేది.

ఒకసారి ఆ మాట ఒక సంఘపెద్దతో అన్నాను. తెల్లటి మీసాలు, బక్కపలచని మనిషి. నాపరాయి గనిలో పనిచేసి చేసి ఆయన అరచేతులు రాళ్ళయ్యాయి.

"కందెన వద్దప్పా. దీనికి పల్చటి నూనె చాలు," అన్నాను.

"ఏమయ్యా, మా ఆముదం మంచిది కాదా?"

"ఆముదం మంచిదే. ఈ దావల్లో దుమ్ము శానా ఉండాది, అది అంటుకుంటాది."

"అయ్యగారికి అన్నం పెట్టి అయ్యగారి బండిని ఎండబెట్టి పంపితే రేపు మమ్మల్ని ఏమంటారు?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఆ ఆముదం ఆయన చేలో పండిన గింజలదే. ఇంట్లో దీపానికి పొదుపు చేసి నా బండికి పూసేవాళ్ళు వాళ్ళు. మళ్ళీ ఆ మాట ఎత్తలేకపోయాను.

ఆ పెద్దాయన పల్లెలోనే ఒక ఆదివారం ఆరాధనకు వెళ్ళాను. ఆయన చిన్న కూతురు మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఆరాధన ముగిసి దీవెన చెప్పి బయటికి వచ్చేసరికి పెద్దాయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. ముందురోజే నొప్పులు మొదలయ్యాయట. బిడ్డ అడ్డం తిరిగిందని, తన చేతిలో లేదని మంత్రసాని చెప్పేసింది. మిషన్ ఆసుపత్రి ఎర్రమల కొండలకు అవతల ఉంది. ఎద్దులబండి మీద కనుమ ఎక్కి దిగాలంటే పొద్దు గూకిపోతుంది.

"అయ్యా, నా బిడ్డను మీ ఫట్‌ఫటిలో తీస్కపోదాం," అన్నాడు.

నేను బండి వైపు చూశాను. చైను నల్లగా నిగనిగలాడుతోంది. ఆ ఉదయం కూడా కందెన పెట్టారు. నేను రోజూ వేలు పెట్టి చూసేది ఆ జిడ్డు మీదుగానే, దాని కింద ఏముందో నాకు తెలియదు. కనుమ దారి కొండకు ఒక పక్కన చెక్కిన దారి. ఒకవైపు రాయి, ఇంకోవైపు లోయ. ఎక్కేటప్పుడు చైను తెగితే తొట్టితో సహా బండి వెనక్కి జారుతుంది. ఆ బ్రేకు ముగ్గురి బరువును ఆపదు. తెగిన చైను చక్రంలో ఇరుక్కుంటే బండి ఏ వైపు తిరుగుతుందో చెప్పలేం. అందులో నిండు గర్భిణి.

"తీస్కపోదామప్పా. దానికి ముందు ఈ చైను ఒకసారి చూడాల. కందెనంతా కడగాల. కిరసనాయిలు ఉండాదా?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. "ఇప్పుడా అయ్యా?"

లోపలి నుంచి కేక వినిపించింది. మంత్రసాని గడపలోకి వచ్చింది. నోరున్న ముసలామె. "చైనో గియినో నాకు తెల్దు. కడుపులో బిడ్డ మాత్రం నీ ప్రార్థనంత పొడుగు ఆగదయ్యా, బిన్నా తెమలాల," అంది.

గుంపులోంచి ఒక నడివయసాయన, "పొద్దున విశ్వాసం గురించి చెప్తిరి గదయ్యా. దేవుడు చూసుకోడా?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగాడు. దేవుణ్ణి పరీక్షించడం విశ్వాసం కాదని అదే ప్రసంగ పీఠం మీద నుంచి ఎన్నోసార్లు చెప్పినవాణ్ణి. అప్పుడు ఆ మాట నోటికి రాలేదు. "చూసుకుంటాడప్పా. నేనూ చూడాల," అని మాత్రం అన్నాను.

ఆ రోజుల్లో కిరసనాయిలు దొరకడమే గగనం. పెద్దాయన లోపలికి వెళ్ళి, రాత్రి ప్రార్థన కూడికల దీపం కోసం దాచిన బుడ్డి తెచ్చాడు. నేను జొన్న దంటుతో జిడ్డు గీకుతుంటే ఆయన గుడ్డ తడిపి తుడిచాడు. పొద్దున తాను పెట్టించిన కందెనను తన చేత్తోనే తీశాడు. నల్లటి ముద్దలోంచి బూడిదరంగు రాతిపొడి బయటపడింది. వేళ్ళ మధ్య రాస్తే గరగరలాడింది.

ఇనుము బయటపడ్డాక కింది వరసలో వేలు పెట్టాను. నాలుగు వేళ్ళు పట్టేంత ఆడింది. చక్రం తిప్పి ఇంకోచోట చూశాను. అక్కడ కాస్త బిగువు. తిప్పి మళ్ళీ చూస్తే వదులు. తర్వాత వెనక్కి వెళ్ళి రెండు వేళ్ళతో లాగాను. లింకు లేచి వచ్చింది. దాని కింద పన్ను మొదలు దాకా కనబడింది. పళ్ళు కొడవలి మొనల్లా ఒకవైపు వంగి ఉన్నాయి. ఎక్కడైనా పగులు ఉందేమోనని ఒక్కొక్క లింకూ తడిమాను. కంటికి ఏదీ కనబడలేదు. పగులు లేదనడానికి అది చాలదు.

"ఎట్ల ఉండాదయ్యా?"

"అయిపోయిందప్పా ఇది. మార్చాల్సింది."

"అంటే తెగుతాదా?"

"సమం దావ మీద మెల్లగా పోతే నిలుస్తాదేమో. కనుమ ఎక్కేటప్పుడు బరువు పడితే... నేను నమ్మలేను."

ఇరుసును మిగిలిన కాస్త గాడిలో వెనక్కి జరిపాను. వదులు కొంత తగ్గింది గానీ బిగువుగా ఉన్నచోట చైను తీగలా లాక్కుంది. మళ్ళీ కొంచెం వదిలాను. అటు వదులైనా భయమే, ఇటు బిగువైనా భయమే. లోపల ఆ పిల్ల అరుపు ఆగి, మూలుగుగా మారింది. అది విని నాకు ఇంకా భయం వేసింది.

చివరికి నేనే చెప్పాను. కనుమ మొదలు దాకా తొట్టిలో తీసుకొని పోతాను. అక్కడి నుంచి పైదాకా మంచం మీద మోయాలి. నేను ఖాళీ బండితో ఎక్కి పైన ఉంటాను. అవతల దిగుడంతా నిదానంగా పోవచ్చు. మగవాళ్ళు అడ్డదారిన ఇప్పుడే బయల్దేరితే సరిగ్గా అందుకుంటారు.

ఎవరూ కదల్లేదు. అందరూ పెద్దాయన వైపు చూశారు. కూతురు ఆయనది. ఆయన చైను వైపు చూసి, నా వైపు చూసి, "మంచం ఎత్తుకొని రాండ్రా," అన్నాడు. గనిలో బండలు మోసే మనుషులు మంచం భుజాలకెత్తుకొని పరుగెత్తారు. ఆయన కూడా వాళ్ళతో పరుగెత్తాడు.

ఆ పిల్లను తొట్టిలో బొంతల మధ్య కూర్చోబెట్టాం. మంత్రసాని నా వెనక ఎక్కి నా చొక్కా గట్టిగా పట్టుకుంది. కందెన పోయిన చైను ఇప్పుడు దాచకుండా కటకటమంటోంది. ఒక చెవిలో ఆ కటకట, ఇంకో చెవిలో ఆ పిల్ల మూలుగు. రెండింటిలో ఏది ఆగినా ప్రమాదమే. ప్రభువా ప్రభువా అనుకోవడం తప్ప ఇంకో ప్రార్థన రాలేదు.

కనుమ మొదటికి వచ్చేసరికి మంచంవాళ్ళు ఇంకా రాలేదు. ఇంజను ఆపకుండానే దిగి వేలు పెట్టి చూశాను. చైను కాలుతోంది. తగ్గించిన వదులు అప్పుడే తిరిగి వచ్చింది.

"అయ్యా," అంది ఆ పిల్ల. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "పోదాం పాండి. నేను ఓర్చుకోలేను."

"మీ నాయన వస్తాండాడు తల్లీ."

"అది తెగితే తెగనీ. ఈడ ఉంటే మాత్రం బతుకుతానా?"

మంత్రసాని వంగి కొంగుతో ఆ పిల్ల ముఖం తుడిచింది. ఎక్కి కూర్చొని గేరు వేస్తే చాలు. దారి ఎదురుగానే ఉంది. నేను ఎక్కలేదు. తొట్టి అంచు పట్టుకొని ఆ పిల్ల పక్కనే మోకరించాను. పొదల్లోంచి మంచంకోళ్ళు కనబడేదాకా లేవలేదు.

వాళ్ళు మోస్తూ కొండెక్కారు. నేను ఖాళీ బండితో ముందు ఎక్కాను. ప్రతి మలుపులోనూ ఇప్పుడు తెగుతుంది, ఇప్పుడు తెగుతుంది అనుకున్నాను. తెగలేదు. పైన నిలబడి కిందికి చూస్తే మంచం చీమలు మోసే గింజలా మెల్లగా కదులుతోంది. చైను తెగనందుకు స్తోత్రం చెప్పాలో, తెగనిదానికి ఇంత సమయం పోగొట్టానని ఏడవాలో తెలియలేదు. ఆ పిల్లను తొట్టిలోనే తెచ్చి ఉంటే ఈపాటికి సగం దిగుడు దాటేవాళ్ళం.

వాళ్ళు పైకి చేరాక ఆ పిల్లను, మంత్రసానిని మళ్ళీ ఎక్కించుకొని అవతలి దిగుడు దిగి ఆసుపత్రి చేరాం. డాక్టరమ్మ చూస్తూనే లోపలికి తీసుకెళ్ళింది. నేను వరండాలో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచాను. ఆమె మళ్ళీ బయటికి వచ్చినప్పుడు చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. తల్లీ బిడ్డా దక్కారని చెప్పింది. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దర్లో ఎవరూ దక్కేవారు కాదని కూడా చెప్పింది. బిడ్డ చెయ్యి ఒకటి నీలంగా వాచి ఉంది, మెల్లగా తగ్గుతుందంది. నేను వచ్చి వరండా మెట్ల మీద కూర్చున్నాను. "ఇంకాస్త" అన్న మాట చెవిలో అలాగే ఉండిపోయింది.

పెద్దాయన నడిచి వచ్చేసరికి ఎండ వాలింది. భుజం మీద మంచంకోడు ఒరుసుకుపోయిన గాయం. గుమ్మంలోంచి కూతుర్ని, మనవణ్ణి చూసి వచ్చి నా పక్కన మెట్ల మీద కూర్చున్నాడు. డాక్టరమ్మ అన్న మాటలన్నీ, ఆ చివరి మాటతో సహా, ఆయనకు చెప్పాను. దాచడం నా వల్ల కాలేదు.

ఆయన అడిగాడు. "అయ్యా, నా బిడ్డను పెట్టుకోని ఎక్కుంటే చైను తెగుండునా?"

తెగి ఉండేదని చెబితే ఆయన మనసు చల్లబడుతుంది. నా మనసూ చల్లబడుతుంది. నేను చూసింది పళ్ళను, లింకులను. జరగనిదాన్ని నేను చూడలేదు.

"తెల్దప్పా," అన్నాను.

ఆయన తల ఊపాడు. అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు.

"తెల్దంటే తెల్దు," అన్నాడు. "లెయ్యండి, ఏమన్నా తిందురు. పొద్దున్నుంచి ఎంగిలి పడలేదు మీరు."