ఖాలత్త

పసుపు ఉడుకుతున్న వాసన ముక్కుకు తగలగానే పిల్లల చేతులు వదిలేసి నిలబడిపోయాను. ఆదివారం కదా అని జగిత్యాల నుంచి పిల్లలిద్దరినీ తీసుకొని, రాయికల్ దారిలో కొత్తగా పెట్టిన పిల్లల తోటకు వచ్చాం. అక్కడ పిల్లలు మేకలకు ఆకు మేపవచ్చు, మట్టి తవ్వి పసుపు కొమ్ములు ఏరవచ్చు, వాటిని ఎలా ఉడకబెడతారో చూడవచ్చు. నా బిడ్డ బురద చేతులు గౌనుకు తుడుచుకుంటూ ఒకటే ఎగురుడు. నాకేమో ఆ ఆవిరి దగ్గర ఖాలత్త మీద బెంగ పుట్టింది.

మా అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు. బాపు దుబాయిలో ఉండేవాడు. నన్ను కోరుట్లలో బాపమ్మ దగ్గర ఉంచారు. అప్పటినుంచి నా నోట మాట లేదు. డాక్టరుకు చూపించారు, తాయెత్తు కట్టించారు. ఊహూఁ. ఇక మూగదైపోతుందని బాపమ్మ ఏడుస్తుంటే పక్కింటామె వచ్చింది. పసుపు చేలల్లో కూలికి పోయే ఆ ముసల్మాను ఆవిడను వాడకట్టంతా ఖాలా అనేవాళ్లు. "ఇంట్ల కూసోబెడితె పిల్ల ఎవలతోని మాట్లాడుతది? నాతోని తోలియ్యి" అని నన్ను చేనుకు తీసుకుపోయింది. అక్కడ పొద్దంతా ఆమెదే ముచ్చట. "గీ కొమ్ము సూడు, నీ ఏలంత లేదు. గా మేకను సూడు, మీ బాపమ్మ లెక్కనే నములుతది." నాకు నవ్వొచ్చేది, మాట మాత్రం వచ్చేది కాదు. మాట్లాడమని ఆమె ఒక్కనాడూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె కొమ్ముల గంపను లాగుతూ వెనక్కి వెనక్కి నడుస్తోంది. వెనకాలే పసుపు కుతకుత ఉడుకుతున్న కడాయి. ఎవరూ గమనించలేదు. "ఖాలత్తా!" అని ఒక్క కేక పెట్టాను. ఆమె ఆగిపోయింది. పెద్దవాళ్లను ఉత్త పేరు పెట్టి పిలవొద్దు, అత్త అనాలి అని బాపమ్మ నేర్పింది. ఖాలా అంటే ఆమె పేరే అనుకున్నాను మరి! చేనులో ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. "ఖాలా అంటె చిన్నమ్మ గదనే. చిన్నమ్మ అత్తెట్లయితదే పిచ్చిపిల్లా?" అన్నది ఒకామె. నాకు సిగ్గుతో నోరు మళ్లీ మూతపడిపోయింది. ఖాలా గంప వదిలేసి వచ్చి నన్ను ఒళ్లోకి లాక్కున్నది. "నవ్వకుండ్రి! అమ్మ దిక్కు నేనే, బాపు దిక్కు నేనే. పిలువు బిడ్డా, మల్లొక్కసారి పిలువు." పిలిచాను.

ఆ తర్వాత నా నోటికి తాళం లేదు. నా గోల భరించలేక, "గా దినం పిలువుమన్న గని, గింత ఒర్రుమన్ననానే!" అని చెవులు మూసుకునేది. నేను పదో తరగతిలో ఉండగా ఆమె కొడుకు మరమగ్గాల పనికి సిరిసిల్ల పోతూ ఆమెనూ తీసుకుపోయాడు. బస్టాండులో కొంగు వదలకుండా ఏడుస్తుంటే, "సిరిసిల్ల ఏమన్న దుబాయా?" అని కసురుకున్నది, తనూ ఏడుస్తూ. సెలవులొస్తే ఆ బస్సే ఎక్కేదాన్ని. నా పెళ్లికి ముందటి ఏడాది ఆమె పోయింది. ఒక్కసారి ఆమె నోట "బిడ్డా" అన్న పిలుపు వినిపిస్తే చాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

తోటలో సద్దులు విప్పుకొని తింటూ పిల్లలకు ఇదంతా చెప్పాను. "మరి ఆమె మనకేమైతది?" అన్నది నా బిడ్డ.

చిన్నమ్మా అనబోయాను, అత్తా అనబోయాను. చివరికి, "మీ అమ్మమ్మ" అన్నాను.

దాని కళ్లు ఇంతింత అయ్యాయి. మేకల దగ్గరున్న తమ్ముడి వైపు ఉరికింది. "అరే చిన్నా, మనకు గూడ అమ్మమ్మ ఉండెనట!"

"ఏడున్నది?" అంటూ వాడు తోటంతా కలియజూశాడు. వాడితో పాటు నేనూ చూశాను.