గ్రోక్ అనే మాటకు మా ఇంట్లో అర్థం

నంద్యాలలో మా అమ్మాయి చదివే బడిలో ప్రతి శుక్రవారం ఒక పాత ఇంగ్లీషు మాట ఇస్తారు. ఇప్పుడెవరూ వాడని మాట. దాని అర్థం రాయాలి, ఇంట్లో వాళ్ల మీద ఒక వాక్యం రాయాలి, సోమవారం తరగతిలో నిలబడి చదవాలి. ఏడేళ్ల పిల్లకు ఆ మాటలెందుకో నాకు తెలియదు. నేనూ ఇంగ్లీషు మీడియంలోనే డిగ్రీ చేశాను. ఇంతవరకు వాటిలో ఒక్కటీ నాకు ఎదురుపడలేదు.

ఈసారి ఇచ్చిన మాట గ్రోక్. శనివారం ఆళ్లగడ్డలో మా అత్తగారింట్లో కూర్చుని ఫోన్‌లో వెతికాను. ఎవరైనా తింటుంటే, మనకూ పెడతారేమోనని మాట్లాడకుండా వాళ్లనే చూస్తూ ఉండటమట. పైకి చదివాను. జొన్నరొట్టె తడుతున్న అత్త తలెత్తింది.

"దానికొక మాట గూడానా? మన వీధి కుక్క చేసేది అదే గదా."

"మనుషులకేనంట అత్తా."

"రా, తిందువు అని పిలిచి పెట్టుంటే ఆ మాట పుట్టేదే గాదు. ఎట్లాంటోళ్లో ఏమో వాళ్లు."

కుక్క మీదే రాయమన్నాను. అమ్మాయి ఒప్పుకోలేదు, ఇంట్లో మనుషుల మీదే రాయాలట. పుస్తకానికి చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది. లాక్కుని చూశాను. రోజూ నేను అన్నం తినేటప్పుడు మా అమ్మ గ్రోక్ చేస్తుంది అని, ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో.

నాకు ఒళ్లు మండింది. వయసుకు తగ్గ బరువు లేదని డాక్టర్ చెప్పినప్పటి నుంచి మూడు పూటలా ఈ పిల్ల ఎదురుగా కూర్చుని ముద్ద ముద్దకూ కాపలా కాస్తున్నాను. దానికి దక్కిన పేరు ఇది.

"నువ్వు తింటాండావో లేదో చూస్తాండా. నాకు పెడతావని కాదు. తప్పు రాసినావ్, కొట్టేయ్."

"నేను వదిలేసింది నువ్వే తింటావు గదా?"

"పారేయలేక తింటా."

"వేరే తట్ట పెట్టుకోవు గదా మా. నన్నే చూస్తా కూర్చుంటావ్. అందుకే నీకని కొంచెం వదిలేస్తా."

టానిక్కులు మార్చాను, కూరలు మార్చాను, కథలు చెప్పాను, తిట్టాను. పిల్ల కంచంలో మిగిల్చిన దాంట్లోనే ఇంత అన్నం కలుపుకుని తినేయడం నాకు ఎప్పటి నుంచో అలవాటు. దాన్ని మార్చుకోవాలని మాత్రం తట్టలేదు.

"మీ ఆయన చిన్నప్పుడు నేనూ వాని తట్టలోనే తింటాంటినిమ్మీ," అంది అత్త, పెనం మీద రొట్టె తిప్పుతూ. "వాడు ఎప్పుడూ ఏం మిగల్చలే."

ఆదివారం నంద్యాల వచ్చాక రాత్రి అన్నానికి ముందు నా కంచం పెట్టుకున్నాను. పిల్లకు కనబడేలా నిండుగా వడ్డించుకుని, తన కంచం వైపు చూడకుండా తిన్నాను. చూడకుండా ఉండటం ఎంత కష్టమో ఆ మాటలు కనిపెట్టేవాళ్లకు చెప్పాలి. పిల్ల ముందు నా కంచం చూసింది. తర్వాత తనది తింది, రోజూ కంటే ఎక్కువే. అంచున మూడు వంకాయ ముక్కలు మిగిలాయి.

"అవి నీకోసం కాదు," అంది. "బాగలేవు, అంతే."

అలవాటుగా చెయ్యి అటే పోయింది. వెనక్కి తీసుకుని, తను చూస్తుండగానే వాటిని చెత్తబుట్టలో వేశాను.