గంజి గుడ్డ వడపోత

రెండో ప్రపంచ యుద్ధం ముగిసినా తిరుపతికి ఫిల్టర్ కాగితాలు సరిగ్గా వచ్చేవి కావు. కాలేజీ కెమిస్ట్రీ లాబులో వాటిని మా సారే పంచేవారు, బీరువా తాళంచెవి జేబులో పెట్టుకుని. తరగతిలో నేనొక్కదాన్నే ఆడపిల్లను. నా దాకా వచ్చేసరికి కాగితాలు అయిపోయేవి. పక్కవాళ్లు చేస్తుంటే చూసి రాసుకోమనేవారు. సొంతంగా ప్రయోగాలు చేయనివాళ్లను పరీక్షకు పంపనని చెప్పిందీ ఆయనే. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు నాయన పాత పంచె చింపి ఒక ముక్క తెచ్చుకున్నాను. ఆనాటి పని, ఇచ్చిన పొడిని నీళ్లలో కలిపి, కరగనిదాన్ని వడగట్టి, తేటలో ఏ ఉప్పు ఉందో తేల్చడం. గుడ్డను నాలుగు మడతలు వేసి గరాటులో పెట్టాను. వడగట్టిన తేటలో కాస్త క్లోరిన్ నీళ్లు వేయగానే చిక్కటి నీలం తిరిగింది. అదే పొడి అబ్బాయిలందరికీ గోధుమరంగు ఇచ్చింది. వాళ్లు నవ్వారు. సారు నా గాజుగొట్టం ఎత్తి చూసి, ఇంటి మురికంతా లాబుకు తెచ్చానన్నారు.

మురికి అనేసరికి నాకు విషయం తట్టింది. మా అమ్మ గంజి పెట్టకుండా ఏ గుడ్డా ఆరేయదు, అది మసిగుడ్డ అయినా సరే. క్లోరిన్ నీళ్లు అయోడైడ్ ఉప్పులోంచి అయోడిన్‌ను బయటికి తెస్తాయి. మామూలుగా గోధుమరంగులో ఉండే ఆ అయోడిన్, గంజి తగిలితే నీలమవుతుంది. గంజి పోయేలా ఉతికి తేకపోవడం నా పొరపాటే. ఉప్పు మాత్రం అయోడైడే.

అదే చెప్పాను. సారు నమ్మలేదు. గొట్టాన్ని మంట మీద మెల్లగా వెచ్చచేశాను. నీలం పోయింది. కుళాయి కింద చల్లార్చాను. మళ్లీ వచ్చింది. గంజికీ అయోడిన్‌కూ ఉన్న ఈ గుణం మాకు పాఠం చెప్పింది ఆయనే కాబట్టి ఇక కాదనలేకపోయారు.

"సరేలేమ్మా, తెలిసిపోయింది గదా. ఇంక కూర్చోని చూడు" అన్నారు.

"చూసేదానికి రాలేదు సార్. చేసేదానికే వచ్చినాను."

 పోయి బీరువా ముందు నిలబడి చెయ్యి చాపాను. లాబంతా మావైపే చూస్తోంది. ఆయన విసుగ్గా తాళం తీశారు. అయిపోయాయన్న కాగితాల కట్ట లోపల ఇంకా లావుగానే ఉంది. అందులోంచి ఒక్కటి లాగి నా చేతిలో పెట్టారు.

చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"రేపటిది గూడా ఇయ్యండి సార్" అన్నాను.