నోటుబుక్కులో చీమలు

మా మేడ మీద గదిలో మొజాంబిక్ నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థి అద్దెకుండేవాడు. పొద్దున్నే ఏర్పేడులోని తన ల్యాబుకు వెళ్లి, సాయంత్రానికి తిరుచానూరు రోడ్డులోని మా ఇంటికి చేరేవాడు. అతను పెరిగింది పోర్చుగీసులో. ఇంగ్లీషు చదవగలడు కానీ నుడికారం దగ్గర తడబడేవాడు. ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన నాకు అదొక పని దొరికింది. తల నుంచి కాలి బొటనవేలి దాకా శరీరభాగాలతో అల్లిన ఇంగ్లీషు జాతీయాలు ఎడమవైపు, వాటికి సరిపడే పోర్చుగీసు మాటలు కుడివైపు ఒక నోటుబుక్కులో రాస్తూ పోయాం. రెండేళ్లలో నేనూ అతని భాష నేర్చుకున్నాను.

మితిమీరిన ధర ఇంగ్లీషువాణ్ణి ఒక చేయి, ఒక కాలు అడుగుతుంది. పోర్చుగీసువాణ్ణి ముఖంలోని కళ్లు అడుగుతుంది. ఆపకుండా వాగేవాడు వాళ్ల లెక్కలో మోచేతులతో మాట్లాడే మనిషి. ఆ మాట చెప్పిన రోజు అతను నన్ను చూసి నవ్వాడు.

"మీ మోచేతులు ఇంకా అరిగిపోలేదా ప్రొఫెసర్?"

అరగలేదు. తిరుపతిలో, చిత్తూరులో ఎక్కడ చర్చ పెట్టినా జాతకాలనూ తాయెత్తులనూ పుత్తూరు కట్టునూ చీల్చి చెండాడేవాణ్ణి. ఎక్స్‌రే చూడకుండా విరిగిన ఎముక మీద చేయి వేయకూడదని ఇప్పటికీ అంటాను. మాట ఎవరిదని చూడకండి, నిజమా కాదా చూడండి అని వేదికలెక్కి గొంతు చించుకున్నవాణ్ణి కూడా నేనే.

ఆ వానాకాలంలో నేను చిత్తూరు సభలో ఉండగా అతను స్కూటరు మీది నుంచి పడి కుడి ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. ఈ జిల్లాలో పుట్టినవాళ్లు ఎవరైనా చేసే పనే మా ఆవిడా చేసింది. ఆటో మాట్లాడుకుని పుత్తూరు తీసుకెళ్లి, ఆకుపసరూ గుడ్డుసొనా వెదురుబద్దలతో కట్టు కట్టించి తెచ్చింది. నేను ఇల్లు చేరేసరికి ఇద్దరూ వరండాలో ఉన్నారు.

"ఏమయ్యా, అరవొద్దు. ముందు నా మాట ఇను. కట్టు కట్టినాయన ఏం చెప్పినాడంటే..."

"ఆయన చెప్పింది నాకు చెప్పొద్దు!"

"అది కాదయ్యా, వేళ్లు..."

"వేళ్లు లేవు, గీళ్లు లేవు. ఆ మనిషి మాట ఈ ఇంట్లో ఇంకోటి ఇనబడితే సూడు!"

"ఇది ఇల్లయ్యా, నీ మీటింగు కాదు" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆమెకు ఇంగ్లీషూ రాదు, పోర్చుగీసూ రాదు. అతనికి తెలుగు రాదు. ఇద్దరి మాటా తెలిసింది నాకొక్కడికే.

రేపు ఆసుపత్రికి పోదామని అతనితో అన్నాను. తెల్లారగానే ఆ కట్టును ఖండిస్తూ వ్యాసం మొదలుపెట్టాను. మధ్యాహ్నం దాకా కలం ఆగలేదు. అప్పుడు అతను మెట్లు దిగి వచ్చి, వేళ్లలో చీమలు పాకుతున్నాయి అన్నాడు. తిమ్మిరిని వాళ్లు అలాగే అంటారు. నాకు బాగా అర్థమైంది. ఎంత బాగానంటే, వెంటనే నోటుబుక్కు తెరిచి, అదే తిమ్మిరికి ఇంగ్లీషువాడు చెప్పే గుండుసూదులకు ఎదురుగా ఆ చీమలను చేర్చాలనుకున్నాను. తెలుగులోనూ చీమలే కదా అని సంబరపడ్డాను. స్పెల్లింగు అడిగాను. అతను ఓపిగ్గా, ఎడమచేత్తో, వంకర అక్షరాల్లో తనే రాసిచ్చాడు.

ఆ రోజు ఆసుపత్రి మాట మళ్లీ ఎత్తలేదు. వ్యాసం పూర్తికాలేదు మరి.

మూడోనాడు కాఫీ ఇవ్వబోయిన మా ఆవిడ అతని గోళ్లు నల్లబడటం చూసింది.

"వేళ్లు మొద్దుబారితే ఆ క్షణమే తోడుకోని రండి, కట్టు వదులు చేస్తానని ఆయన పదిసార్లు చెప్పినాడు! నన్ను చెప్పనిస్తివా నువ్వు?"

ఆసుపత్రిలో కట్టు కోశారు, తర్వాత చేతినీ కోశారు. వాపుకు కట్టు బిగిసి, రక్తం ఆడక ముంజేతి కండ చచ్చిపోయిందట. వేళ్లు ముడుచుకుపోయి ఇక అలాగే ఉంటాయని డాక్టరు ఇంగ్లీషులో చెప్పాడు. అతని తల్లికి ఫోనులో నేను దాన్ని పోర్చుగీసులో చెప్పాను. కండ, నరం, మణికట్టు. ఒక్క మాటకూ తడుముకోలేదు.

ఆమె అంతా విని ఒక్కటే అడిగింది. "తిమ్మిరిగా ఉందని నా కొడుకు ఎవరికీ చెప్పలేదా?"

అతను మంచం మీది నుంచి నన్నే చూస్తున్నాడు. తప్పు ఒప్పుకోవడాన్ని ఆ భాషలో, చేతిని మెలిపెట్టనివ్వడం అంటారు. అతను నేర్పిందే. నేను డాక్టరు మాటలనే మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

బయట బెంచీ మీది నుంచి మా ఆవిడ లేచి వచ్చింది.

"ఆయమ్మకు చెప్పినావా, మనం చేసిన పని?"

"చెప్పినా."

"ఏమనింది?"

"ఏమీ అనలేదు."

"ఎంత పెద్ద మనసయ్యా ఆయమ్మది" అంటూ ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.