చదవని రెండో వరుస

యాభై ఏళ్లు దాటాక, 1990లలో, ఎల్లారెడ్డిలో నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఒకరోజు మా మనవడు, పక్కింటి రజియా, ఆటగాళ్ల పరుగులు, ర్యాంకులు అచ్చేసిన క్రికెట్ కార్డులు ఆడుతూ తగవు పడ్డారు. ర్యాంకులో పెద్ద అంకె గెలుస్తుందా, చిన్నదా? ఓడినవాళ్ల కార్డులన్నీ పోతాయి.

"తాతా, రూల్స్ కాయితం నువ్వే సదువు," అన్నాడు మనవడు.

మొదటి వరుస కూడబలుక్కుంటూ చదివాను: 'పెద్ద అంకె గెలుస్తుంది.' అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్లంతా చూస్తున్నారు. ఇంకా చదివితే తడబడతానని కాగితం మడిచేశాను.

"మనోడే గెలిచిండు."

"కింద ఇంకో లైన్ ఉంది తాతా," అంది రజియా.

"నాకే సదువు నేర్పుతవా?"

ఆ పిల్ల కార్డులన్నీ ఇచ్చేసి, ఏడుస్తూ పోయింది.

తర్వాత ఒక్కడినే కూర్చుని చదివాను: 'ర్యాంకులో మాత్రం చిన్న అంకె గెలుస్తుంది.'

కార్డులు తీసుకెళ్లి తప్పు ఒప్పుకున్నాను. రజియా లెక్కపెట్టి తీసుకుంది.

"ఇగ మా ఆటల తీర్పు చెప్పకు తాతా."

వేలిముద్ర వేసిన రోజుల్లో కూడా నేనంత సిగ్గుపడలేదు.