అద్లియాలో నేను వెనక్కి పంపిన సూపు

ఈ ప్రయాణం మా ఆయన కోరికతో మొదలైంది. ఆ భోజనం మాత్రం నా కోరిక. మా ఆయన మల్లేశం శ్రీరాంపూర్‌లో ఇరవై ఎనిమిదేళ్లు బొగ్గు బాయిలోకి దిగి పనిచేశాడు. రిటైరయ్యాక సముద్రం ఉన్న ఏదైనా దేశం చూడాలన్నాడు. నేను మంచిర్యాలలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్తాను. చదువుకునే రోజుల్లో ఫ్రెంచి సర్టిఫికెట్ కోర్సు కూడా చేశాను కానీ, ఫ్రెంచి వంట ఒక్కసారీ రుచి చూడలేదు. ఫ్రాన్స్ మా జేబుకు అందదు. బహ్రెయిన్‌లో అద్లియా అనే పేటలో చిన్న చిన్న ఫ్రెంచి హోటళ్లు ఉంటాయని చదివి, రెండూ కలిసొస్తాయని ఆ దేశమే ఖాయం చేశాను. మేము వెళ్లింది జూన్‌లో. ఎండలకు భయపడి జనం రారు కాబట్టి టికెట్లు కాస్త చవక. వీసా ఆన్‌లైన్‌లోనే వచ్చింది.

మంచిర్యాల నుంచి రైల్లో సికింద్రాబాద్, అక్కడి నుంచి విమానాశ్రయం. విమానంలో నాలుగున్నర గంటలు పట్టింది. రాజధాని మనామాలో గుదైబియా అనే చోట మామూలు గది తీసుకున్నాం. మర్నాడు పొద్దున ఏడింటికే పాత కోటకు వెళ్లాం, తొమ్మిది దాటితే అక్కడ నిలబడలేం. ఎండెక్కేదాకా మా ఆయన కోట గోడ మీద నుంచి సముద్రాన్నే చూశాడు. మధ్యాహ్నమంతా గదిలో పడుకుని, సాయంత్రం ఏడింటికి అద్లియాకు నడిచాం. పదిహేను నిమిషాల నడకే అయినా చెమటకు బట్టలు ఒంటికి అంటుకున్నాయి.

ఆ హోటల్లో ఆరే బల్లలు. వంటగదికీ హాలుకూ మధ్య ప్లేట్లు అందించే చిన్న కిటికీ ఉంది. మా బల్ల దాని పక్కనే. యజమానురాలు ఫ్రెంచి ఆమె, వేసవికి తన దేశం వెళ్లిందట. చేరి పది రోజులైన కుర్ర సూపర్‌వైజర్ ఒకతను మెనూ తెచ్చిచ్చాడు. నేను మా ఆయనకు ఒక్కో పేరూ చదివి, అర్థం చెప్పి, కాస్త గొప్పలు పోయాను. ఆలుగడ్డ, లీక్ అనే లావుపాటి ఉల్లికాడ వేసి చేసిన సూపు మూడు దీనార్లు, వైన్‌లో ఉడికించిన కోడి ఏడు దీనార్లు. దీనారు మన డబ్బుల్లో రెండు వందల ఇరవై పైనే.

సూపు వచ్చింది. నోట్లో పెట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా ఉంది. మా ఆయన రెండో చెంచా కూడా తాగి, “సల్లగుంటేంది, మంచిగనే ఉన్నది. తాగు” అన్నాడు. నాకు మాత్రం, మమ్మల్ని చూసి వీళ్లకేం తెలుస్తుందిలే అనుకుని మిగిలింది పెట్టారని అనిపించింది. సూపర్‌వైజర్‌ను పిలిచాను. క్లాసులో మాట్లాడే గొంతుతో, మంచి ఇంగ్లిష్‌లో, వాళ్ల అశ్రద్ధ గురించి చెప్పాను. పక్క బల్లల వాళ్లు తిరిగి చూశారు. నిజం చెప్పాలంటే వాళ్లు చూడటం నాకు బాగానే ఉంది.

ఆ అబ్బాయి కంగారుపడి వంటమనిషిని పిలిచాడు. నలభై అయిదేళ్లుంటాయి, పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. మా ఇద్దరినీ ఒకసారి చూసి, తప్పు తనదేనని, వేడి చేయడం మరిచిపోయానని ఇంగ్లిష్‌లో క్షమాపణ అడిగాడు. గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లాడు. సూపర్‌వైజర్ అభిప్రాయం రాయమని కార్డు ఇస్తే ఆరు లైన్లు రాశాను. ‘నిర్లక్ష్యం’ అన్న మాట రెండుసార్లు వాడాను. వేడి సూపు వచ్చింది. దానికి రుచీపచీ లేదు.

కోడి కూర బాగుంది. తిన్నాక మా ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లి ఎంతకీ రాలేదు. వెళ్లి చూస్తే వంటగది గుమ్మం దగ్గర ఆ వంటమనిషితో తెలుగులో మాట్లాడుతున్నాడు. అతని పేరు రాజలింగు, ఊరు చెన్నూరు. పదకొండేళ్లుగా ఈ హోటల్లోనే వండుతున్నాడు. చెన్నూరు మా ఇంటికి గంట దూరం కూడా ఉండదు.

“అక్కా, గా సూపు సల్లగనే తాగుతరు. ఎండకాలం గట్లనే చేస్తం” అన్నాడు నెమ్మదిగా.

“మరి గప్పుడే చెప్పకపోయినవ్?” అని మా ఆయన అడిగాడు.

“అక్క అందరి ముందట అన్నంక, నేను కాదంటే అక్క పరువు పోతది గదనే. మీరు మాట్లాడుకునేది కిటికీలకెళ్లి ఇన్న. మనోళ్లే అని ఎర్కయింది. నాకేమున్నది, ఒక మాట పడితే ఒడిశిపాయె.”

మెనూలో ఆ సూపు పేరు పక్కన ‘గ్లాసే’ అని ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బాగా చల్లబరచినది అని అర్థం. ఆ మాట నాకు తెలుసు. పైకి చదివాను కూడా. సూపర్‌వైజర్ మా తెలుగు అర్థంకాక మూడడుగుల దూరంలో, నేను రాసిన కార్డు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆ కార్డు అడిగి తీసుకుంటే సరిపోయేది. నేను రాజలింగుకు థాంక్స్ చెప్పి బయటికి నడిచాను. దారంతా మా ఆయన నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. తిట్టినా కొంత తేలికయ్యేది.

మా విమానం మర్నాడు సాయంత్రం. పన్నెండింటికి హోటల్ తలుపు తీయగానే వెళ్లి, సూపర్‌వైజర్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాను. అతని మొహం ఎర్రబడింది. ఆ సూపు చల్లగా తాగుతారని అతనికీ తెలియదట. కార్డు ఫొటో యజమానురాలికి రాత్రే పంపేశాడట. అక్కడికక్కడే ఫోన్ తీసి ఆమెకు నిజం రాసేశాడు. మా మాటలు విని రాజలింగు బయటికి వచ్చాడు. సంతోషిస్తాడనుకున్నాను.

“మల్లెందుకొచ్చిన్రక్కా?” అన్నాడు. “రాత్రే మేడంకు ఫోన్ జేసి, మర్చిపోయిన, నాదే తప్పు అని చెప్పిన. ఆమె పోనీలే అన్నది. ఇప్పుడు గీయన గిట్ల రాసిండంటే, పదకొండేండ్ల సంది నమ్మినామెకు నేను అబద్ధమాడినోన్నయిత.”

తప్పు ఒప్పుకుని మనసు తేలిక చేసుకుందామనుకున్నానే తప్ప, దాని వల్ల అతనికేమవుతుందో ఆలోచించనే లేదు. క్షమించమన్నాను. అతను తల ఊపి, “ఫ్లైట్ టైమైతది, పోండ్రి” అన్నాడు. అప్పుడే ఎవరో భోజనానికి వచ్చారు. అతను లోపలికి వెళ్లిపోయాడు.

రాజలింగు ఉద్యోగానికి ఏమీ కాలేదు. మా ఆయన అతని నంబరు తీసుకుని వచ్చాడు, ఇప్పటికీ అప్పుడప్పుడూ మాట్లాడుకుంటారు. యజమానురాలు తిరిగొచ్చాక ఏమందని అడిగితే, ఇంకోసారి తనతో అబద్ధం చెప్పొద్దన్నదని మాత్రం చెప్పాడట. పిల్లలకు ఇంగ్లిష్ నేర్పుతున్నానని ఇన్నేళ్లూ గర్వపడ్డాను. ఆ సాయంత్రం ఆ భాషతో నేను చేసింది ఒక మనిషిని తక్కువ చేయడమే. అతనికి నాకంటే ఎక్కువ తెలుసు, నా మర్యాద కోసం తెలియనట్టు నిలబడ్డాడు. మొన్న రాజలింగుతో ఫోన్‌లో మాట్లాడుతూ మా ఆయన నా వైపు ఫోన్ చాపాడు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వంటింట్లోకి వెళ్లాను. పాలు అప్పటికే కాచి దించేశాను.

మీరు అద్లియా వెళ్తే ఏడింటికే వెళ్లండి, ఎనిమిదింటికి బల్లలు నిండిపోతాయి. వచ్చిన వంటకం వింతగా అనిపిస్తే, బాగాలేదనే ముందు, “దీన్ని ఇలాగే తింటారా?” అని వండిన మనిషినే అడగండి, పక్క బల్లకు వినపడనంత మెల్లగా.