తిప్పొద్దన్న బండ

"ఆ బండ తిప్పొద్దే," అన్యాడు.

"తిప్పన్లే. గమ్మున పండుకో," అంటి.

మా ఆయప్పా నేనూ కడాకు మాట్లాడుకున్న మాటలు అవే. మజ్జానం పూట. ఎండ వాకిట్లోనుంచి మంచం కోడు దాంకా వచ్చిండాది. రోంత జావ తెస్తామని లోపలికి పోయి, గిన్నె పట్టుకొని వచ్చేలోపల ఊపిరి నిలిచిపోయింది. నలభై ఏండ్లు కాపురం చేసినోడు నీళ్లియ్యి అనలే, నువ్వెట్ల బతుకుతావే అనలే. బండ తిప్పొద్దన్యాడు. నేను తిప్పనని మాటిచ్చినా.

ఆ మాట తప్పినా. ఎందుకు తప్పినానో చెప్పాలనే మా తమ్ముని కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకొని రాయిస్తాండా. నాకు సదువు రాదు. ఆ పిల్ల నంద్యాలలో బడి పంతులమ్మ. "అత్తా, నువ్వు మాట్లాడినట్లే రాయాల్నా, సక్కంగా రాయాల్నా?" అని అడిగె. నేను మాట్లాడినట్లే సక్కంగా రాయమ్మీ, అంటి. నవ్వుతాండాది. నవ్వొద్దు, రాయి.

ఆళ్లగడ్డలో మా వీధంతా రాయి కొట్టేటోళ్లే. పొద్దన లేస్తే ఉలి చప్పుడు. తలుపు మీద, ఆరేసిన బట్టల మీద, తినే సంగటి మీద కూడా తెల్ల దుమ్ము. దేవుళ్లను చెక్కేటోళ్లు ఉండారు, మనుషుల బొమ్మలు చేసేటోళ్లు ఉండారు. మా ఆయప్పది అచ్చరాల పని. గుడి కట్టినా బడి కట్టినా, ఎవురు ఇచ్చినారు, ఎవురు తెరిచినారు అని గోడకు ఒగ బండ పెడ్తారు గదా, ఆ బండలు. జాజు ఎర్రమన్నుతో గీసుకొని సన్న ఉలితో తవ్వుతాడు. తవ్విన గాళ్లలో దుమ్ము తీసి బంగారు రంగు అద్దేది నా పని. అట్ల అచ్చరాలు నా వేలికి తెల్సు, కంటికి తెల్దు. కాయితం మీద చూపిస్తే నోరు తెరుస్తా. రాతిమీద వేలు పెట్టనియ్యి, చెప్తా.

ఇంగొగటి చెప్పాల. ఉలి దెబ్బ చూస్తే అది ఎవురి చెయ్యో మా వీధిలో తెలిసిపోతాది. ఒగడిది లోతుగా పడ్తాది, ఒగడిది పైపైన. మా ఆయప్ప పుర్రచెయ్యి. ఎడమ చేత్తో సుత్తి పడ్తాడు. అందరి దెబ్బా ఒగ పక్కకు వాలితే ఆయప్ప దెబ్బ ఇంగో పక్కకు వాల్తాది. "నీ మొగుడు దొంగతనం చేసినా దొరికిపోతాడమ్మే, చెయ్యి అట్లాంటిది," అని పక్కింటి అక్క ఎగతాళి చేస్తాండె.

ఆ అక్క మాదిరి మనిషి వీధిలో లేదు. ఆమె మొగుడు కూడా రాయి దుమ్ముకే పాయె. ఆడమనిషి ఒక్కతే బొమ్మలకు నునుపు పెట్టి బతుకుతాండె. అరిచేతులు ఆకురాయి మాదిరి ఉంటాయి.

నంద్యాలలో డిపాజిట్ల కంపెనీ ఒగటి పెట్టినారు. పేరు చెప్పను, రాయొద్దు. ఒగ పొద్దు ఆ కంపెనీ మేనేజరు కారేసుకొని మా ఇంటికొచ్చె. తెల్లచొక్కా, నోటినిండా నవ్వు. ఆడ ఒగ పార్టీకి ఆఫీసు కట్టించి ఇచ్చినారంట, పునాది కాన్నుంచి మిద్దె దాంకా కంపెనీ దుడ్లేనంట. దానికి బండ చెక్కాల. పైన లీడరు పేరు, కింద 'ఈ భవనం దాత' అని కంపెనీ పేరు.

మా ఆయప్ప ఆశ్చర్యపోయినాడు. "అంత బిల్డింగు ఊరికే ఇచ్చేస్తిరా అప్పా?"

"ఊరికే యాడిది అన్నా. అది గొడుగు," అన్యాడు మేనేజరు. "వాన రాకముందే కొనిపెట్టుకోవాల. అవతలి పార్టీకి కూడా ఒగటి కొనిచ్చినాంలే. ఏ పక్కనుంచి కొట్టినా తడవగూడదు."

"వాన అంటే ఏందప్పా?"

"ఆఫీసర్లు, తనికీలు. మా లెక్కలు చూస్తామని ఎవుడన్నా బయలుదేరితే, ఆ పార్టీ ఆఫీసునుంచి ఒగ ఫోను పోతాది. వాడు ఆడే దిగిపోతాడు."

ముగ్గురమూ నవ్వినాం. నేను మజ్జిగ కూడా ఇచ్చినా. అంత బాహాటంగా చెప్పినోన్ని, ఎవురి దుడ్లతో కొంటాండావప్పా ఈ గొడుగులు అని ఒగ మాట అడిగింటే పాయె. మాకు తోచలే.

మొదట చెక్కిన బండ పగిలిపాయె. అచ్చరాలన్నీ అయినంక లోపల యాడ్నో ఉన్న చార విచ్చుకొని మూల రాలిపోయింది. మా అత్త బతికున్నప్పుడు ఒగ కట్టుబాటు పెట్టిండె. బతికుండే మనిషి పేరున్న బండ పగిలితే దాన్ని రోడ్డున పారెయ్యగూడదు, ఎండకు చూపగూడదు, ఆ మనిషికి కీడు. బోర్లా ఏసి ఇంటి పనికి పెట్టుకోవాల. ఆ మాట ప్రకారం దాన్ని బోర్లా ఏసి, బావికాడ బట్టలుతికే బండ చేసుకుంటిమి. రెండో బండ చెక్కి కంపెనీకి ఇచ్చినాం.

ఆఫీసు తెరిచినపొద్దు మమ్మల్ని కూడా పిలిచినారు. లీడరు మా ఆయప్పకు సాలువా కప్పె. అటుపక్క లీడరు, ఇటుపక్క మేనేజరు, నడాన మా ఆయప్ప. ఆ పోటో పటం కట్టించి వాకిలి ఎదురుంగా పెట్టినాం. కూలి సగం చేతికిచ్చి, సగానికి కంపెనీ బాండు రాసిచ్చిరి. మాకు అదే గొప్ప.

వీధిలో వాళ్లంతా పోటో చూసిరి, బాండు చూసిరి. అక్క రేకులు తీసేసి మిద్దె ఏసుకోవాలని ఏండ్ల తరబడి కూడబెట్టింది. "నమ్మొచ్చునా మ్మే?" అని నన్నే అడిగె.

"రాతిమీద పేరు కొట్టించుకున్నోడు యాడికి పోతాడక్కా?" అంటి.

ఈ మాట రాసినావా? సరిగ్గా రాయి. నేనే అన్నా. కాయితం మీద రాసిందాన్ని మేము నమ్మం. రాతిమీద రాసిందాన్ని నమ్ముతాం. ఆ పనిలోనే పుట్టినాం గదా, రాయి అబద్ధం చెప్తాదని ఎవురూ మాకు చెప్పలే. అక్క దుడ్లు కట్టె. అక్కను చూసి ఇంగో ఇల్లు, ఆ ఇంటిని చూసి ఇంగొగటి. వీధి వీధంతా కట్టె.

కొన్నేండ్లు బాగానే ఇచ్చినారు. ఒగ పొద్దు షట్టరు మూసినారు. మేనేజరు ఫోను పలకలే. బనగానపల్లె కాడ్నుంచి, కొలిమిగుండ్ల కాడ్నుంచి జనం వచ్చి ఆ షట్టరు ముందర కూర్చొని ఏడిసిరి. టీవీలో లీడరు వచ్చి, ఆ కంపెనీ ఎవురిదో నాకు తెల్దు, మా పార్టీ ఆ కంపెనీ కాడ ఒక్క రూపాయి కూడా తీసుకోలే అని చెప్పె.

వీధంతా భగ్గుమనె. "తెల్దా? ఆ లీడరు ఆఫీసు గోడకే ఉండాది గదా కంపెనీ పేరు! పోదాం పాండి, బేస్తవారం పోదాం. పేపరోళ్లను పిలిచి చూపిద్దాం." అక్క అందరికంటే ముందు కొంగు బిగించె. "రాతిమీద ఉండేదాన్ని ఎట్ల మింగుతాడో చూస్తా," అనె.

బేస్తవారానికి రెండు పొద్దుల ముందర మా ఆయప్ప, బనగానపల్లెలో గుడి ద్వారబంధం పని ఉండాది, అని సంచిలో ఉలి, సుత్తి పెట్టుకొని పోయినాడు. మాపిటేల వచ్చినాడు. అన్నం తినలే. దుమ్ము దగ్గు అనుకుంటి.

బేస్తవారం అందరమూ బస్సెక్కి నంద్యాల పోతిమి. ఆయప్ప కూడా వచ్చినాడు. గోడ ముందర నిలబడితిమి. లీడరు పేరు అట్లనే ఉండాది, బంగారు రంగు కూడా చెదరలే. కింద దాత పేరు ఉన్న చోట బోడిగా ఉండాది. జానెడు లోతు కాదు, వేలెడు కూడా కాదు, సన్నగా పొర లేపేసి పేరును చెక్కేసినారు. పేపరోడు నవ్వె. "ఏదమ్మా మీరు చెప్పిన పేరు?"

నేను వేలు పెట్టినా.

దెబ్బలు ఇంగో పక్కకు వాలి ఉండాయి.

వెనక్కి తిరిగి చూస్తి. ఆయప్ప నా పక్క చూడలే. చెప్పులు చూసుకుంటాండాడు. నా వెనకాలే అక్క కూడా బండ మీద అరచెయ్యి పెట్టి, రోంతసేపు అట్లనే పెట్టుకొని తీసేసె. ఎండగా ఉండాదని కొంగు కప్పుకునె.

ఇంటికొచ్చి తలుపేసి అడిగినా. "నీ చెయ్యే గదా?"

"నా చెయ్యే."

"ఎందుకు చేస్తివి?"

లీడరు మనిషి ఒగడు వచ్చినాడంట. ఆ ఒగ్గ వరస తీసేస్తే, రాయి కొట్టేటోళ్ల వీధి దుడ్లు అందరికంటే ముందు ఇప్పిస్తామని అన్యాడంట. "మన ఒక్కింటికి కాదే. వీధికంతా అన్యాడు. అక్క మిద్దె లేస్తాదని చేసినా," అన్యాడు మా ఆయప్ప. "పేరుదేముంది, దుడ్లు వస్తే చాలు గదా అనుకుంటి."

"చేతిలో పెట్టించుకొని ఎత్తాల్సింది గదా ఉలి!"

"పెద్దోడు గదా, మాట తప్పడనుకుంటి."

నేను అక్కకు చెప్పిన మాటా, ఆయప్ప నమ్మిన మాటా ఒగటే. ఆయప్పను ఏమని తిట్టేది?

ఒక్క రూపాయి రాలే. ఆ మనిషీ మళ్ల రాలే. వాన పడె, మా జనం తడిసె, మా దుడ్లతో కొన్న గొడుగు కింద వాళ్లు వాళ్లే నిలబడుకొనిరి. వీధిలోవాళ్లు, నంద్యాల మనిషి ఎవుడో చెక్కేసినాడని అనుకుంటాండిరి. "వాని చేతులు పడిపోను," అని తిడ్తాంటే మా ఆయప్ప వింటాండె. ఆ పొద్దునుంచి సుత్తి పట్టలే. దుమ్ము జబ్బు ముందునుంచే ఉండె, ఇంగ మనిషిని కూర్చోనిచ్చేది కాదు, పండుకోనిచ్చేది కాదు. నేను బావికాడ బట్టలుతుకుతాంటే మంచంలోనుంచి ఆ బండనే చూస్తాండె. దాని కింద అంతా ఉండాది గదా, లీడరు పేరూ, దాత పేరూ. దాన్ని తిప్పితే వీధి బతుకుతాది. తిప్పితే, మరి గోడమీది పేరు ఎవుడు తీసినాడని అడుగుతారు. "నేను పోయినంక నిన్ను ఈ వీధిలో ఉండనియ్యరే," అని ఒగసారి అన్యాడు. నా కోసమే తిప్పొద్దన్యాడు. అది కూడా రాయి.

ఆయప్ప పోయిన కొన్ని నెలలకు, ఎంక్వైరీ ఆఫీసరు వస్తాండాడు, సాక్ష్యం ఏదన్నా ఉంటే తెండి అని చాటించినారు. అక్క మా బావికాడ గట్టుమీద కూర్చొని ఉండాది. నేను ఉతుకుతాండా. వర్షానికి అక్క రేకులు కారి, తడిసిన బొంతే నా చేతిలో ఉండేది. దాన్ని ఆ బండమీద ఏసి బాదుతాండా. ఇంగ నావల్ల కాలే.

"అక్కా, ఆ గోడమీద పేరు తీసింది మా ఆయప్ప," అంటి.

అక్క కదల్లే. "ఆ పొద్దే తెల్సు మ్మే. నా చేతికి తెల్దా పుర్రచెయ్యి దెబ్బ?"

"తెల్సీ ఎందుకు చెప్పలే? అంతమంది తిడ్తాంటే?"

"నువ్వు చెప్తావని చూస్తాంటి," అనె. "ఇంత లేటు చేస్తివి. నువ్వు ముందే చెప్పింటే వాడు బతికుండంగనే నేను నాలుగు తిట్టి, నాలుగు మెతుకులు తినిపించింటి. మనసులో పెట్టుకొని సచ్చిపాయె గదమ్మే."

అప్పుడు ఏడిసినాం ఇద్దరమూ. ఆయప్ప పోయినపొద్దు కూడా నాకు అంత ఏడుపు రాలే.

వీధిలో అందరికీ నేనే చెప్పినా, ఇంటింటికీ పోయి, పేరు తీసింది ఎవురో, మా బావికాడి బండ కింద ఏముండాదో. ఒకామె నా మొగాన తలుపేసింది. ఇంగొకామె, "నీ మొగుడు కొడుకు పుట్టినంత సంబరంగా సాలువా కప్పించుకునె గదా, ఇప్పుడు కప్పుకోమను," అనె. పడినా. అక్క గడ్డపార తెచ్చి, నలుగుర్ని పిలిచి, బండ తిప్పించె. బురద కడిగి వేలు పెట్టినా. అన్ని అచ్చరాలూ ఉండాయి, ఆ మూల తప్ప. గాళ్లలో జాజు కూడా అట్లనే ఉండాది. బతికుండేవాని పేరు ఎండకు చూపగూడదని మా అత్త అనె. చూపినా. కీడు యాడ తగలాల్నో ఆడ తగలనీ.

ట్రాక్టర్లో నంద్యాలకు తీసకపోతిమి. ఆఫీసరు పోటో తీయించుకొని, "ఇది పగిలింది గదమ్మా, గోడకు పెట్టింది కాదు గదా," అనె. రాసుకోమంటి. గోడమీది దాన్ని ఎవురు చెక్కినారో అది కూడా రాసుకోమని, మా ఆయప్ప పేరు నా నోటితోనే చెప్పినా. నలభై ఏండ్లలో ఆ పేరు నేను నోరు తెరిచి అన్నది ఆ ఒగ్గసారే. ఏమవుతాదో తెల్దు. అర్జీలో నాలుగు ముక్కలే పట్టినాయి. తప్పు ఎవురిదని ఆడ ఒగ గడి ఉండాదంట, దాన్లో కంపెనీ పేరు రాసిరి. మజ్జిగ ఇచ్చిన నేనూ, రంగు అద్దిన నా వేలూ ఆ గడిలో పట్టవు. ఫోను చేసినోళ్లు కూడా పట్టలే.

బండ ఆడనే ఆఫీసు వరండాలో ఉండాది. బావికాడ పచ్చిక లేని గుంత మిగిలింది. నేను ఇప్పుడు బకీటులోనే పిండుకుంటాండా.

రాసింది చాలు. ఏదీ, ఒగసారి సదివి వినిపించమ్మీ. మొదట్నుంచి వద్దు. మీ మామ సంచిలో ఉలి పెట్టుకొని, బనగానపల్లెకు అని చెప్పి పోయినాడు చూడు, ఆడ్నుంచి. మెల్లగా సదువు. ఉన్నదానికంటే చెడ్డోన్ని చేసింటే కొట్టెయ్యాల. మంచోన్ని చేసింటే అదీ కొట్టెయ్యాల. సదువు, వింటాండా.